సముద్రం లేని సీమ నుంచి సముద్రపు ప్లాస్టిక్ మీద పని: ఏ నిధి ఎవరికి సరిపోతుంది?

సముద్రంలో ప్లాస్టిక్ మీద పని చేస్తామని కర్నూలు నుంచో, అనంతపురం నుంచో, కడప నుంచో ప్రపోజల్ పంపితే, అవతల చదివేవాళ్లకు వచ్చే మొదటి అనుమానం ఒకటే: వీళ్లకు సముద్రంతో ఏం పని? మొదటి పేజీలోనే దీనికి జవాబు దొరక్కపోతే మిగతా పేజీలు ఎవరూ తిప్పరు. నిధుల సంగతి మాట్లాడేముందు ఆ జవాబు తేల్చుకోవాలి. ఏ నిధి మీకు పనికొస్తుందో, ఏది రాదో సగం అక్కడే తేలిపోతుంది.

కర్నూలులో హంద్రీ ఒడ్డున పారేసిన కవరు తుంగభద్రలో పడి, కృష్ణలో కలిసి, శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల, ప్రకాశం బ్యారేజీ దాటితే గానీ, కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి చేరదు. కడప బుగ్గవంకలో పడింది పెన్నాలోకి పోయి, సోమశిల దాటి, నెల్లూరు జిల్లా ఊటుకూరు దగ్గర బంగాళాఖాతంలో కలవాలి. పామిడి, తాడిపత్రి దగ్గర పెన్నాలో పడినదానికైతే దారిలో గండికోట, మైలవరం కూడా అడ్డం.

2021లో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం నదుల ద్వారా ఏటా 8 లక్షల నుంచి 27 లక్షల టన్నుల ప్లాస్టిక్ సముద్రంలోకి పోతోంది. అందులో 80 శాతం మోసేవి వెయ్యికి పైగా నదులు. అంతకుముందు ఈ పాపమంతా గుప్పెడు పెద్ద నదులదే అనుకునేవాళ్లు. ఊళ్ల మధ్య పారే చిన్న నదుల వాటా పెద్దదేనని తేలడం మనకు అనుకూలమైన మాట. కానీ అదే అధ్యయనం ఇంకో మాటా చెబుతుంది: సముద్రానికి దూరం పెరిగేకొద్దీ చెత్త అక్కడిదాకా చేరే అవకాశం తగ్గుతుంది. మొదటి మాట రాసి రెండోది దాస్తే రివ్యూయర్ వెంటనే పట్టేస్తాడు.

కాబట్టి "మా ఏరు సముద్రాన్ని ముంచేస్తోంది" అని రాయొద్దు. మన దగ్గర నిజంగా ఉన్న ప్రశ్న వేరు, తీరంలో ఉన్నవాళ్లకు లేనిది. ఏడాదిలో చాలా నెలలు ఎండిపోయి ఉండే ఏటిలో ప్లాస్టిక్ పోగుపడుతుంది. సీమ ఎండకు పెళుసెక్కి ముక్కలవుతుంది. ఒక్క వరద వచ్చి ఊడ్చుకుపోతుంది. అందులో ఎంత డ్యాముల వెనక ఆగుతోంది, ఎంత కిందికి పోతోంది? దీనికి తోడు అనంతపురం పొలాల్లో డ్రిప్ పైపులు, టమాటా, కళింగర మళ్లలో నేల మీద పరిచే ప్లాస్టిక్ మల్చింగ్ షీట్లు. సుంకేసుల నుంచి బయల్దేరే కేసీ కాలువ తుంగభద్ర నీళ్లను పెన్నా బేసిన్‌కు తెస్తుంది. ఆ నీళ్లతో పాటు చెత్త కూడా ఒక నది నుంచి ఇంకో నదికి మారుతోందా? ఇలాంటి ప్రశ్న పట్టుకున్నవాళ్లకు "మీకు సముద్రం ఎక్కడుంది" అనే ప్రశ్న భయపెట్టదు.

ఇక ఎంపిక. ఎవరిని కదిలించినా మొదట అడిగేది "ఎంత ఇస్తారు" అని. నా లెక్కలో అది ఆఖరి ప్రశ్న. ముందు అడగాల్సినవి: డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది, ఎన్నాళ్లు ఉంటుంది, చివర్లో వాళ్లు మీ చేతిలో ఏం చూడాలనుకుంటారు. పరిశోధన వ్యాసమా, శుభ్రమైన వంకా, అమ్ముడుపోయే వస్తువా? ఈ మూడూ కుదరనిచోట కోటి రూపాయల స్కీమైనా మీకు సున్నా.

గ్రాంటు కాలం, వాన కాలం

ఎవరూ పెద్దగా పట్టించుకోని విషయం ఇది. తుంగభద్రకు నీళ్లు నైరుతి వానల్లో వస్తాయి. కడప వైపు పెన్నాకు, చెయ్యేరుకు పెద్ద వరదలు ఎక్కువగా ఈశాన్య రుతుపవనాల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య. కర్నూలు మునిగింది 2009 అక్టోబరు మొదట్లో. చెయ్యేరు మీద అన్నమయ్య డ్యాము కట్ట తెగింది 2021 నవంబరు 19న. ఏటిలో ప్లాస్టిక్ కదిలేది ఇలాంటి కొద్ది రోజుల్లోనే. ఆ రోజుల్లో మీ దగ్గర మనిషి, వల, వాహనం సిద్ధంగా లేకపోతే ఏడాదంతా చేసిన శాంప్లింగ్‌లో అసలు సంగతే ఉండదు.

ఇప్పుడు ఏడాది గ్రాంటు తీసుకున్నారనుకోండి. జనవరిలో మొదలైంది. మనిషిని పెట్టుకుని, సామాన్లు కొని, నిలదొక్కుకునేసరికి వానలు. ఆ ఏడు వానలు ఎగ్గొట్టాయంటే, మన దగ్గర అది కొత్తేమీ కాదు, వరద గురించి రాయడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. కనుక వరద మోసే ప్లాస్టిక్‌ను కొలవాలనుకునేవాళ్లు మూడేళ్ల గ్రాంటుకే వెళ్లాలి. ఎండిన ఏటి ఇసుకలో మైక్రోప్లాస్టిక్ (చిన్న చిన్న ప్లాస్టిక్ ముక్కలు) ఎంతుంది, డ్యాము ఒడ్డున ఏ కంపెనీ కవర్లు ఎక్కువ, పొలంలో మల్చింగ్ షీటు పంట అయ్యాక ఏమవుతోంది, ఇలాంటివి ఏడాదిలో చక్కగా అవుతాయి. ప్రశ్నను బట్టి గ్రాంటు వెతకాలి గానీ, కనిపించిన గ్రాంటుకు తగ్గట్టు ప్రశ్నను కత్తిరించుకోకూడదు.

యూనివర్సిటీల్లో, కాలేజీల్లో ఉన్నవాళ్లకు

శ్రీకృష్ణదేవరాయ, యోగి వేమన, రాయలసీమ యూనివర్సిటీల్లో గానీ, జేఎన్‌టీయూ అనంతపురంలో గానీ, అనంతపురం సెంట్రల్ యూనివర్సిటీలో గానీ, కర్నూలు ట్రిపుల్ ఐటీడీఎంలో గానీ పని చేసేవాళ్లకు కనిపించే పెద్ద దారులు రెండు: ఏఎన్‌ఆర్‌ఎఫ్, కేంద్ర భూవిజ్ఞాన శాఖ.

ఏఎన్‌ఆర్‌ఎఫ్ అంటే అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్. 2023 చట్టంతో ఏర్పడింది. అంతకుముందు పరిశోధన గ్రాంట్లిచ్చిన సెర్బ్ ఇందులో కలిసిపోయింది. దీనికి సముద్రంతో ప్రత్యేకంగా పని లేదు. మీ ప్రశ్నలో శాస్త్రం ఉందా లేదా అన్నదే చూస్తారు. మనకు అదే లాభం: పెన్నా ఇసుకలో మైక్రోప్లాస్టిక్ అని రాస్తే "తీరం ఎక్కడ" అని ఎవరూ అడగరు. కెరీర్ మొదట్లో ఉన్న అధ్యాపకులకు ప్రైమ్ మినిస్టర్ ఎర్లీ కెరీర్ రీసెర్చ్ గ్రాంట్ ఉంది, మూడేళ్లు నడుస్తుంది. ఎస్సీ, ఎస్టీ పరిశోధకులకు ఇన్‌క్లూజివిటీ రీసెర్చ్ గ్రాంట్ విడిగా ఉంది. అర్హత ఉన్నవాళ్లు దాన్ని వదిలేసి జనరల్ పోటీలోకి దిగడం నాకైతే అర్థం కాదు. పెయిర్ అనే కార్యక్రమంలో ఒక పెద్ద సంస్థ కేంద్రంగా, రాష్ట్ర యూనివర్సిటీలు దానికి అనుబంధంగా పని చేస్తాయి. అది మాత్రం ఒక్క అధ్యాపకుడు పట్టుబట్టి సాధించేది కాదు, వైస్ ఛాన్సలర్ స్థాయిలో కదలాలి.

చిక్కు ఎక్కడంటే, ఎర్లీ కెరీర్ గ్రాంటుకు రెగ్యులర్ ఉద్యోగం ఉండాలి. మన యూనివర్సిటీల్లో పాఠాలు చెప్పేవాళ్లలో చాలామంది కాంట్రాక్టు, గెస్టు అధ్యాపకులే. ఏటి ఒడ్డున తిరిగి శాంపిళ్లు తెచ్చేది వాళ్లు, ప్రధాన పరిశోధకుడిగా సంతకం పెట్టేది ఇంకొకరు. ఈ అన్యాయాన్ని ప్రపోజల్ రాసేటప్పుడే కొంత సర్దుకోవచ్చు: నిబంధనలు ఒప్పుకుంటే సహ పరిశోధకుడిగా పేరు, వ్యాసాల్లో పేరు ఎక్కడ ఉంటుందో ముందే కాగితం మీద. మొహమాటపడితే తర్వాత గొడవలు.

భూవిజ్ఞాన శాఖ దారి దీనికి పూర్తిగా వేరు. ఈ శాఖ పథకం పృథ్వీని 2024 జనవరిలో కేంద్ర క్యాబినెట్ ఆమోదించింది. 2021 నుంచి 2026 వరకు 4,797 కోట్ల రూపాయలు. బయటి సంస్థలకు పరిశోధన ప్రాజెక్టులిచ్చే భాగం అందులో రీచౌట్. సముద్రపు ప్లాస్టిక్ మీద ఈ శాఖకు సొంత బలగం ఉంది: చెన్నైలో నేషనల్ సెంటర్ ఫర్ కోస్టల్ రీసెర్చ్, హైదరాబాద్‌లో సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్. వీళ్ల దగ్గర లేనిది ఎగువ నదుల సమాచారం. అయినా సరే, సీమ యూనివర్సిటీ ఒంటరిగా వెళ్తే గెలిచే అవకాశం తక్కువనే నా అభిప్రాయం. పెన్నా సముద్రంలో కలిసే జిల్లాలో నెల్లూరు విక్రమ సింహపురి యూనివర్సిటీ ఉంది, అక్కడ మెరైన్ బయాలజీ విభాగమూ ఉంది. ఎగువ భాగం కడప, దిగువ భాగం నెల్లూరు, మధ్యలో సోమశిల. ఇలా జోడీ కడితే ఒకే నది మొత్తం కథ వస్తుంది, శాఖకు కావలసిన సముద్రమూ వస్తుంది.

2025 మేలో యూరోపియన్ యూనియన్, భారత్ కలిసి సముద్ర కాలుష్యం మీద ఉమ్మడి పిలుపు ఇచ్చాయి. యూరప్ వైపు దాదాపు 1.2 కోట్ల యూరోలు, మన భూవిజ్ఞాన శాఖ వైపు 90 కోట్ల రూపాయలు. వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. ఇలాంటి పిలుపుల్లో యూరప్ సంస్థలు, ఇక్కడి పెద్ద సంస్థలు కలిసి నెలల తరబడి ముందే జట్టు కట్టుకుంటాయి. ప్రకటన చూశాక మెయిల్ పెట్టేవాళ్లకు చోటుండదు. మళ్లీ ఇలాంటిది వస్తే అందుకోవాలంటే ఇప్పటి నుంచే చెన్నై, గోవా సముద్ర పరిశోధన సంస్థల వాళ్లకు మీ దగ్గర ఏ శాంపిళ్లు ఉన్నాయో తెలిసి ఉండాలి. వాళ్లకు పనికొచ్చేది మీ బయోడేటా కాదు, రెండు మూడు వానాకాలాల డేటా.

ఇద్దరిలో ఎవరని అడిగితే, మొదటిసారి రాసేవాళ్లకు ఏఎన్‌ఆర్‌ఎఫ్ అంటాను. ఒక ప్రాజెక్టు పూర్తి చేసి, వ్యాసాలు వేసి, నెల్లూరు జోడీ దొరికాక భూవిజ్ఞాన శాఖ. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నది ఇక్కడ అక్షరాలా సరిపోతుంది.

బడ్జెట్ గురించి ఒక మాట. మైక్రోప్లాస్టిక్ అనగానే, ముక్క ఏ రకం ప్లాస్టిక్కో చెప్పే ఎఫ్‌టీఐఆర్ మెషీన్ కొందామని రాసేస్తారు. ఆ పని మానుకోండి. 5 మిల్లీమీటర్ల లోపు ముక్కలను ఉప్పు ద్రావణంతో ఇసుక నుంచి తేల్చి, హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో ఆకు అలము కరిగించి, ఫిల్టర్ చేసి, స్టీరియో మైక్రోస్కోపు కింద ఏరడం దాకా మామూలు ల్యాబులో అవుతుంది. ఏ పాలిమరో తేల్చే పనికి ఐ-స్టెమ్ పోర్టల్లో దేశంలో ఏ పరికరం ఎక్కడుందో వెతికి, శాంపిల్‌కు ఇంత అని కట్టి చేయించుకోవచ్చు. మిగిలిన డబ్బు మనిషి మీద పెట్టండి. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్‌కు (జూనియర్ రీసెర్చ్ ఫెలోకు) నెలకు 37,000 రూపాయలు, దాని మీద ఇంటద్దె భత్యం. వరద వచ్చిన రాత్రి వంతెన మీద నిలబడేది ఆ పిల్లాడో పిల్లో, మెషీన్ కాదు. రెండో విడత డబ్బు ఆలస్యమవడం మామూలే కాబట్టి, ఆ జీతం కొన్ని నెలలు యూనివర్సిటీ సర్దుతుందా లేదా అని ఫైనాన్స్ ఆఫీసులో ముందే అడగండి. ఈ టెన్షన్ ఎవరూ ప్రపోజల్లో రాయరు, అందరూ పడతారు.

స్వచ్ఛంద సంస్థలకు: దగ్గరి కంపెనీలా, దూరపు డాలర్లా?

కంపెనీల చట్టం 2013 ప్రకారం నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్కటి దాటినా ఆ కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) కింద ఖర్చు పెట్టాలి. పర్యావరణం ఆ జాబితాలో ఉంది. ముఖ్యమైన ముక్క ఇంకోటి: కంపెనీ తాను పని చేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టమే చెబుతోంది. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు, తాడిపత్రి చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ, ఓర్వకల్లు వైపు సోలార్ ప్లాంట్లు. తీరంలో ఉన్నవాళ్లు వీళ్లను అడగలేరు, మీరు అడగగలరు.

ఎవరు దేనికి ఇస్తున్నారో ఊహించుకోనక్కర్లేదు. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ సీఎస్ఆర్ పోర్టల్లో జిల్లాల వారీగా ఖర్చులు కనిపిస్తాయి. కంపెనీ వార్షిక నివేదికలో ప్రాజెక్టుల పట్టిక ఉంటుంది. బడులకు, ఆర్వో ప్లాంట్లకు మాత్రమే ఇస్తున్న కంపెనీ దగ్గరికి "సముద్ర కాలుష్యం" అంటూ వెళ్తే టీ ఇచ్చి పంపిస్తారు. అదే కంపెనీకి "మీ ఫ్యాక్టరీ పక్క వంకలో, పది ఊళ్లలో కవర్ల సేకరణ" అంటే వింటారు. సముద్రం అనే మాటను రెండో పేరాలో పెట్టినా నష్టం లేదు.

కాగితాలు: సంస్థకు ఆదాయపు పన్ను శాఖ 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు, కంపెనీ వ్యవహారాల శాఖలో సీఎస్ఆర్-1 ఫారం నంబరు, కనీసం మూడేళ్ల పని అనుభవం. ఇవి లేని కుర్రాళ్ల బృందం ఉన్న సంస్థతో కలిసి వెళ్లడమే మంచిది. నీతి ఆయోగ్ ఎన్‌జీఓ దర్పణ్ నంబరు కూడా తీసి పెట్టుకోండి, ప్రభుత్వ నిధుల దగ్గర అడుగుతారు. మార్చి దగ్గరపడ్డాక కంపెనీలకు ఖర్చు కాని డబ్బు గుర్తొస్తుంది. అప్పటికి కాగితాలు సిద్ధంగా ఉన్న సంస్థకే ఫోను వస్తుంది. సీఎస్ఆర్ వాళ్లకు కావలసింది లెక్క: ఎన్ని కిలోలు ఏరారు, ఎన్ని ఇళ్లు చేరారు, ఫొటోలు ఎన్ని. ఏటా కొత్తగా అడగాలి. పరిశోధన ప్రశ్నకు ఇది సరైన చోటు కాదు.

సిమెంటు ఫ్యాక్టరీల దగ్గర ఒక ప్రత్యేకమైన అవకాశమూ ఉంది, ఒక ప్రమాదమూ ఉంది. చిప్స్ ప్యాకెట్లు, గుట్కా, షాంపూ పొట్లాల వంటి పొరల ప్లాస్టిక్‌ను పాత సామాన్ల కొట్టువాడు ముట్టుకోడు. వాటిని సిమెంటు కిల్నులో (కొలిమిలో) బొగ్గుకు బదులు కాల్చడాన్ని మన ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలు ఒప్పుకుంటాయి. నార్వే సాయంతో సింటెఫ్ సంస్థ నడిపిన ఆప్టోస్ ప్రాజెక్టు భారత్ సహా కొన్ని ఆసియా దేశాల్లో ఈ పద్ధతినే, సముద్రంలోకి పోయే ప్లాస్టిక్‌ను ఆపే దారిగా చూసింది. కడప జిల్లాకు ఇంత దగ్గరగా అతికే ఉదాహరణ ఇంకోటి లేదు. కాకపోతే కాల్చడం ఆఖరి మెట్టు. మళ్లీ వాడగలిగే ప్లాస్టిక్ కూడా కిల్నుకే పోతే మీ సంస్థ ఫ్యాక్టరీకి ఉచితంగా ఇంధనం మోసే సంస్థ అయిపోతుంది. ఏ రకం ఎక్కడికి పోవాలో ఒప్పందంలోనే రాసుకోండి.

ఇక విదేశీ డబ్బు. అనంతపురం జిల్లావాళ్లకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అంటే ఏమిటో విడమరచి చెప్పక్కర్లేదు. మిగతావాళ్లకు క్లుప్తంగా: విదేశీ విరాళం తీసుకోవాలంటే సంస్థకు ఆ రిజిస్ట్రేషన్ గానీ, ముందస్తు అనుమతి గానీ ఉండాలి. రిజిస్ట్రేషన్‌కు సంస్థ పుట్టి మూడేళ్లయి, ఆ మూడేళ్లలో 15 లక్షలు అసలు పని మీద ఖర్చు పెట్టి ఉండాలి. డబ్బు ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి. 2020 సవరణ తర్వాత ఆఫీసు ఖర్చులు 20 శాతం దాటకూడదు, తీసుకున్న సంస్థ ఆ డబ్బును ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. ఈ చివరి నిబంధనే మనకు ముఖ్యం. ఒకప్పుడు చెన్నైలోనో బెంగళూరులోనో పెద్ద సంస్థ డాలర్లు తెచ్చుకుని, సీమలో చిన్న సంస్థకు కొంత ఇచ్చి పని చేయించేది. ఆ దారి మూసుకుపోయింది. "కన్సల్టెన్సీ కింద సర్దుదాం" అనేవాళ్ల మాట వినే ముందు ఆడిటర్‌ను కలవండి.

రిజిస్ట్రేషన్ లేని సంస్థ విదేశీ నిధుల ప్రకటనలు చదువుతూ కూర్చోవడం వృథా. ఆ సమయంలో ఇద్దరు సీఎస్ఆర్ మేనేజర్లను కలవొచ్చు.

వ్యక్తులకు ఇచ్చేవి కొన్ని ఉన్నాయి. నేషనల్ జియోగ్రాఫిక్ సొసైటీ లెవెల్ 1 గ్రాంటు 20,000 డాలర్ల వరకు, సాధారణంగా ఏడాది పనికి. కొత్తవాళ్లనూ తీసుకుంటారు, కథ చెప్పే పనికి, ఫొటోలకు, మ్యాపులకు కూడా ఇస్తారు. కర్నూలు కుర్రాడెవరైనా తుంగభద్ర నుంచి హంసలదీవి దాకా ఒక కవరు ప్రయాణాన్ని రికార్డు చేస్తానంటే సరిగ్గా ఇక్కడికి వెళ్లాలి. వ్యక్తి ఖాతాలోకి వచ్చినా చట్టం చట్టమే, ముందే సలహా తీసుకోండి.

పేర్లు ఘనంగా వినిపించి మనకు అక్కరకు రానివి కొన్ని. ప్రపంచ బ్యాంకు ప్రోబ్లూ నిధి ప్రభుత్వాల ద్వారా నడుస్తుంది. సర్క్యులేట్ క్యాపిటల్ పెట్టుబడి పెడుతుంది, గ్రాంటు ఇవ్వదు. నడుస్తున్న రీసైక్లింగ్ కంపెనీ ఉంటేనే మాట. ది ఓషన్ క్లీనప్ సొంతంగా పని చేసే సంస్థ, నిధులిచ్చేది కాదు.

పంచాయతీలు, పొదుపు సంఘాలు

ఇక్కడ ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. స్వచ్ఛ భారత్ గ్రామీణ్ రెండో దశలో ప్లాస్టిక్ వ్యర్థాల యూనిట్‌కు బ్లాకుకు 16 లక్షల దాకా ఇచ్చే ఏర్పాటు ఉంది. మన లెక్కలో బ్లాకంటే మండలం. డబ్బు సంఘం ఖాతాలోకి రాదు, జిల్లా యంత్రాంగం ద్వారా నడుస్తుంది. సంఘం పని నడిపేది. రెండు మూడు మండలాలు కలిసి ఒకే యూనిట్ పెట్టుకోవచ్చు. చిన్న మండలాలకు అదే మేలు, లేకపోతే మెషీన్‌కు సరిపడా చెత్తే రాదు. ఎంపీడీఓను అడగాల్సిన మొదటి ప్రశ్న షెడ్డు గురించి కాదు: కరెంటు బిల్లు, ఆటో కిరాయి, ఇద్దరు మనుషుల కూలి మూడో ఏడు ఎవరిస్తారు? పల్లెల్లో ఖాళీగా పడి ఉన్న చెత్త నుంచి సంపద కేంద్రాలను చూస్తే ఈ ప్రశ్న ఎందుకో తెలుస్తుంది.

స్వచ్ఛ ఆంధ్ర కార్యక్రమం 2025 జనవరిలో కడప జిల్లా మైదుకూరులోనే మొదలైంది, ప్రతి నెలా మూడో శనివారం. అది నిధి కాదు. కానీ ఆ రోజు ఏరిన చెత్తను బ్రాండ్ల వారీగా లెక్కేసి రాసి పెట్టుకుంటే, ఏడాది తర్వాత పైన చెప్పిన ఏ తలుపు తట్టినా చూపించడానికి ఒక కాగితం ఉంటుంది. ఖర్చు ఒక నోటు పుస్తకం, ఒక తూకం.

వ్యాపారంగా చేయాలనుకునేవాళ్లు: ఏది ముందు, ఏది వెనక

పాత డ్రిప్ పైపులు కరిగించి గుళికలు చేస్తాం, నేలలో కలిసిపోయే మల్చింగ్ షీటు చేస్తాం అనే కుర్రాళ్లు అనంతపురంలో కనిపిస్తూనే ఉంటారు. వీళ్లకు స్కీములు లేకపోవడం కాదు సమస్య, వాటిని తీసుకునే వరసే.

నమూనా తయారీకి కేంద్ర సైన్స్ శాఖ "నిధి ప్రయాస్" పథకం 10 లక్షల దాకా ఇస్తుంది. స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ ఇంక్యుబేటర్ (కొత్త కంపెనీలను చేయిపట్టి నడిపే సంస్థ) ద్వారా గ్రాంటుగా 20 లక్షల వరకు, ఆ తర్వాత అప్పుగా 50 లక్షల వరకు. బయోటెక్ స్టార్టప్‌లకు సాయం చేసే కేంద్ర సంస్థ బైరాక్ ఇచ్చే "బిగ్" గ్రాంటు 50 లక్షల వరకు, 18 నెలలు. అంకెలు చూసి అందరూ బిగ్ వైపు పరిగెడతారు. బిగ్‌కు బయోటెక్నాలజీ ఉండాలి. ప్లాస్టిక్‌ను తినే ఎంజైమో, పిండి పదార్థం నుంచి చేసిన షీటో అయితే సరే. పైపులు కరిగించే మెషీన్‌కు రాదు. ఇంకో మెలిక: సీడ్ ఫండ్ కావాలంటే అప్పటికే ఇతర ప్రభుత్వ పథకాల నుంచి 10 లక్షలకు మించి తీసుకుని ఉండకూడదు, కంపెనీ పెట్టి రెండేళ్లు దాటకూడదు. అంటే ముందు బిగ్ తీసుకున్నవాడు సీడ్ ఫండ్ వదులుకున్నట్టే. ప్రయాస్ తీసుకున్నవాడికి ఇంకా దారి తెరిచే ఉంటుంది. కంపెనీ రిజిస్ట్రేషన్‌ను ఉత్సాహంగా కాలేజీ రోజుల్లోనే చేసేసుకున్నవాళ్లకు రెండేళ్ల గడియారం అప్పుడే మొదలైపోతుంది. నమూనా చేతిలోకి వచ్చేదాకా ఆగితే నష్టం లేదు. ఈ స్కీముల గడువులు మారుతుంటాయి, దరఖాస్తు ముందు ఆ ఏడు తెరిచి ఉందో లేదో చూసుకోండి.

ఇంక్యుబేటర్ కోసం హైదరాబాద్ వెళ్లక్కర్లేకుండా, రాష్ట్ర ప్రభుత్వం 2025లో మొదలుపెట్టిన రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్‌కు అనంతపురంలో శాఖ ఉంది. ముందు అక్కడ మాట్లాడండి. గుళికలు చేసే యూనిట్ అయితే గ్రాంటు కంటే ఈపీఆర్ (ఉత్పత్తిదారుల బాధ్యత) ఆదాయం నమ్మకమైనది. 2022 ఫిబ్రవరి మార్గదర్శకాల ప్రకారం ప్లాస్టిక్ ప్యాకింగ్ వాడే కంపెనీలు తమ వాటా ప్లాస్టిక్ తిరిగి ప్రాసెస్ అయినట్టు సర్టిఫికెట్లు చూపాలి. రిజిస్టరైన రీసైక్లర్ ఆ సర్టిఫికెట్లు అమ్ముకోవచ్చు. అయితే ఈపీఆర్ ప్యాకింగ్ ప్లాస్టిక్‌కు సంబంధించింది. పొలంలో డ్రిప్ పైపు ప్యాకింగ్ కాదు. బిజినెస్ ప్లాన్‌లో ఈ రెండూ కలిపేస్తే లెక్క తప్పుతుంది.

ఆఖరుగా, ఒకే పనిని రెండు చోట్ల చూపించొచ్చా అని చాలామంది మెల్లగా అడుగుతారు. ఒకే ఖర్చును రెండు చోట్ల చూపకూడదు. ఒకే ఏరు మీద రెండు పనులు చూపొచ్చు: శాంప్లింగ్, ల్యాబు ఖర్చు ఏఎన్‌ఆర్‌ఎఫ్‌ది, అదే వంక ఒడ్డున కవర్ల సేకరణ సీఎస్ఆర్‌ది. రెండు దరఖాస్తుల్లోనూ రెండోదాని పేరు రాయండి, ఏ బిల్లు ఎవరిదో మొదటి రోజు నుంచే వేర్వేరు ఫైళ్లలో పెట్టండి.